ఇంజన్‌కు పౌడర్ చల్లిన శనివారం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ముగ్గురు మనుషులం, ఒక పాత కారు. మా నలుగురిలో ఎక్కువ సేవ చేయించుకున్నది ఆ కారే.

అప్పటికి మేం అమెరికాలోని ఫ్రీమాంట్‌కు వచ్చి ఏడాది కూడా కాలేదు. నాకు పదేళ్లు. మా నాన్నకు అక్క, నాకు అత్తయ్య, మాకంటే చాలా ముందే నర్సుగా ఈ దేశం వచ్చింది; మమ్మల్ని రప్పించింది కూడా ఆవిడే. తన ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన ఒక పెద్ద డాక్టరు దగ్గర ఆవిడ ఆ కారు కొన్నది. కొన్నేళ్లు నడిపి, తాను చిన్న కారు తీసుకున్నాక దాన్ని మా నాన్నకు ఇచ్చేసింది. ఒకప్పుడు అది గొప్పింటి బండి. తోలు సీట్లు, చెక్క పలకలు, మీట నొక్కితే దిగే అద్దాలు. మా చేతికి వచ్చేసరికి లక్షన్నర మైళ్లు దాటింది. సీట్లు చిరిగితే మా అమ్మ పాత దుప్పటి పరిచింది. ఒక అద్దం దిగేది కాదు, మరొకటి దిగితే ఎక్కేది కాదు. ఖరీదైన కార్ల గురించి నేను అప్పుడు గ్రహించిన సత్యం ఈనాటికీ మారలేదు: బండి ధర వయసుతోపాటు తగ్గుతుంది, దాని గర్వం మాత్రం తగ్గదు. చిన్న బోల్టు విప్పాలన్నా దాని చుట్టూ ఉన్నవాటినన్నిటినీ బతిమాలుకోవాలి.

ఆ కారు కింద ఆయిల్ కారేది. రోజూ ఉదయం అరచేతంత మరక. మా నాన్న దాని కింద దూరి చూస్తే ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి తడిగా కనిపించింది. తొట్టికీ ఇంజన్‌కూ మధ్య ఆయిల్ కారకుండా పెట్టే పట్టీ, గ్యాస్కెట్ అంటారు, అది పోయిందని తేల్చాడు. ఒక వారాంతమంతా వెల్లకిలా పడుకుని ఆ తొట్టి దించి, కొత్త పట్టీ వేశాడు. సోమవారం మళ్లీ మరక. తాను సరిగ్గా బిగించలేదేమోనని మరుసటి వారాంతం మళ్లీ అదే పని చేశాడు. మోచేతులు దోక్కుపోయాయి, జుట్టు నిండా ఆయిల్. మళ్లీ మరక.

అసలు కష్టం అది కాదు. మా అపార్ట్‌మెంట్ల మేనేజరు తలుపుకు ఒక కాగితం అంటించి వెళ్లాడు. సోమవారం ఉదయం తాను చూసేసరికి పార్కింగ్ చోటులో ఆయిల్ చుక్క కనిపిస్తే బండిని ఈడ్పించి పారేస్తానన్నాడు. వీధిలో నిలుపుదామంటే అక్కడ రాత్రిళ్లు నిలపరాదని బోర్డు. మా నాన్న శాన్ హోసేలో ఒక ఫ్యాక్టరీలో చేరి మూడో వారం. ఆయన షిఫ్టు వేళకు బస్సు లేదు. కారు పోతే ఉద్యోగం పోతుంది. ఆ కాగితం సంగతి ఆయన అత్తయ్యకు చెప్పలేదు. మా అమ్మనూ నన్నూ కూడా చెప్పనివ్వలేదు.

శనివారం పొద్దున అత్తయ్య రాత్రి డ్యూటీ నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. తెల్లని యూనిఫారం మీదే ఉంది. నాన్న మూడోసారి తొట్టి దించడానికి కారు కిందికి దూరబోతున్నాడు.

“ఏంట్రా, ఇంకా దాని కాళ్ల దగ్గరే ఉన్నావా?” అన్నది ఆవిడ నవ్వుతూ.

నాన్న చేతిలోని రెంచి నేలకేసి కొట్టాడు. “నువ్వు ఇచ్చింది కారా అక్కా, కష్టాల మూటా? రాజుగారి ఏనుగు నాకెందుకు? గాడిదనిచ్చినా ఈపాటికి పనికెళ్లొచ్చేవాణ్ణి!”

“నేనిచ్చినప్పుడు ఏనుగులాగే ఉంది. దాన్ని మంచం పట్టించింది నువ్వు.”

అంతవరకూ వాళ్లిద్దరూ పోట్లాడుకోగా నేను చూడలేదు. తనను ఎత్తుకు పెంచిన అక్క ముందు నాన్న గొంతు లేవడం నన్ను చాలా భయపెట్టింది. అత్తయ్య మొహంలో నవ్వు పోయింది. ఆవిడ వెళ్లిపోతుందనుకున్నాను. పోలేదు. లోపలికి వెళ్లి మా అమ్మ మొహానికి రాసుకునే పౌడర్ డబ్బా పట్టుకొచ్చి, కారు ముందు మూత ఎత్తి, ఇంజన్ మీద చల్లడం మొదలుపెట్టింది.

“ఇంజన్‌కు పౌడరేంటక్కా? పెళ్లిచూపులకు తీసుకెళ్తున్నామా?”

“రెండు జడలు కూడా వేయండి వదినా,” అన్నది మా అమ్మ గుమ్మంలోంచి. ఎవరూ నవ్వలేదు.

అత్తయ్య తన ఉద్దేశం తర్వాత చెప్పింది. ఆపరేషన్ అయిన రోగికి రక్తం కారుతుంటే కట్టు పైభాగం ఒక్కోసారి పొడిగానే ఉంటుందట. రక్తం పక్కనుంచి జారి వీపు కింద దుప్పటిని తడుపుతుందట. అందుకే నర్సులు ముందు రోగి కింద చెయ్యి పెట్టి చూస్తారు, తర్వాత తడిని పట్టుకుని పైకి వెతుక్కుంటూ వెళతారు. తడి కనిపించిన చోటే గాయం ఉందనుకుంటే మనిషి పోతాడు. ఇంజన్‌కు కూడా అదే వర్తిస్తుందని, తెల్లటి పౌడర్ మీద ఆయిల్ దారి కనబడుతుందని ఆవిడ ఆలోచన.

ఆలోచన బాగానే ఉంది, పని పాడైంది. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు మీద పడిన పౌడరంతా క్షణంలో బూడిదరంగు ముద్దయింది. దారీ లేదు, తెన్నూ లేదు. డబ్బాలో సగం అయిపోయింది. నాన్న డబ్బా తీసుకుని ఎంత మిగిలిందో వెలుగులో చూశాడు. తిట్టడం కంటే అది అన్యాయం. అత్తయ్య యూనిఫారం ముందు భాగమంతా నల్లబడింది. ఆవిడ ఆ ముద్దను వేలితో గీకి చూసి, “పుండు కడగకుండా మందు రాశాను. నాకసలు బుద్ధుందా?” అన్నది.

దగ్గర్లో నాణేలు వేసి కారు కడుక్కునే చోటు ఉండేది. అక్కడికి వెళ్లి ఇంజన్ చల్లారేదాకా ఆగాం. ఇంజన్ మీద కరెంటును పంచే నల్లటి డబ్బా తడవకూడదని మా అమ్మ స్నానంలో జుట్టు తడవకుండా పెట్టుకునే ప్లాస్టిక్ టోపీని దానికి తొడిగారు. అంత పెద్ద కారు ఆ గులాబీ టోపీతో నిలబడటం చూసి పక్కనున్నవాళ్లు వేళ్లు చూపించారు. అక్కాతమ్ముళ్లిద్దరూ చెరో పక్కన నిలబడి, చెరో బ్రష్షు పట్టుకుని, జిడ్డు కరిగించే మందు పోసి గీకారు. ఇంజన్ అసలు రంగు నేను చూడటం అదే మొదలు.

ఇంటికి తెచ్చి, ఆరాక, మిగిలిన పౌడర్‌ను ఈసారి పలచగా చల్లారు. కాసేపు వీధుల్లో తిప్పి తెచ్చి మళ్లీ మూత ఎత్తారు. అప్పుడు అత్తయ్య నన్ను పిలిచింది. “మీ నాన్నకు తొట్టి మీదే అనుమానం. నాకు ఆయిల్ ఫిల్టరు మీద. మేమిద్దరం మాకు కావాల్సిందే చూస్తాం. నీకు ఏ అనుమానమూ లేదు కదా, నువ్వు చూడు. తడి కింద ఎక్కడుందో చెప్పొద్దు. పైన ఎక్కడ మొదలైందో చెప్పు.”

టార్చి వెలుగులో కిందినుంచి పైకి చూశాను. తొట్టి అంచున ఒక చుక్క. దాని మీదుగా ఇంజన్ వెనక గోడ వెంట సన్నని నల్లని గీత. ఆ గీత పైకి, ఇంకా పైకి వెళ్లి, ఇంజన్ నెత్తిన ఉండే మూత వెనక మూలలో ఆగింది. దానిపైన పౌడర్ పొడిగా, తెల్లగా ఉంది.

అది తొట్టీ కాదు, ఫిల్టరూ కాదు. పై మూత కింది పట్టీ. నిలబడి, పడుకోకుండా, గంటలో మార్చగల పని. దీనికోసం ఆ మనిషి రెండు వారాంతాలు సిమెంటు నేల మీద పొర్లాడు.

నాన్న నవ్వుతాడనుకున్నాను. ఆయన బంపరు పక్కన చతికిలబడి మొహాన్ని చేతుల్లో పెట్టుకున్నాడు. మా అమ్మ ఇక ఉండబట్టలేక ఆ కాగితం తెచ్చి అత్తయ్యకు ఇచ్చింది. ఆవిడ చదివి, మడిచి, తమ్ముడి పక్కనే నేల మీద కూర్చున్నది.

“ఇదీ సంగతని చెప్పొచ్చు కదరా. నేను కారు బాగాలేదని తిడుతున్నావనుకున్నా.”

“మమ్మల్ని రప్పించావు, ఇల్లు చూపించావు, బండిచ్చావు. మూడో వారానికే ఉద్యోగం పోగొట్టుకోబోతున్నానని నీకేం చెప్పను?”

ఆ సాయంత్రానికల్లా పట్టీ మారింది. సోమవారం ఉదయం మేనేజరు వచ్చి, వంగి, నేల మీద చెయ్యి పెట్టి రాసి చూసి, తన దారిన పోయాడు. అనవసరంగా బెదిరించానన్న మర్యాద మాట ఒకటి ఆ నోటినుంచి వస్తే నేనీనాటికీ మెచ్చుకునేదాన్ని. నాన్న పనికి వెళ్లాడు. ఆ కారు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు నడిచింది.

ఇప్పుడు నేను శాన్ రామన్‌లో ఉంటున్నాను. నా కారు కూడా ఒకప్పటి గొప్ప బండే, రెండు లక్షల ముప్పై వేల మైళ్లు తిరిగింది. దాని పనులు నా గ్యారేజీలో నేనే చేసుకుంటాను, చేసిన ప్రతి పనినీ తేదీ వేసి రాసుకుంటాను. కనుక కోపంతో కాదు, రాసుకున్న లెక్క చూసే చెబుతున్నాను: ఒకసారి నమ్మి సర్వీసువాళ్లకు అప్పగిస్తే వాళ్లు మార్చింది కూడా తడిసిన భాగాన్నే, కారిన భాగాన్ని కాదు. ఈనాటి కార్లకు అడుగున ప్లాస్టిక్ పలక బిగించి, ఏ చుక్క ఎక్కడినుంచి పడుతోందో ఎవరికీ తెలియకుండా చేశారు. ఎవరి సౌకర్యం కోసమో నాకు అర్థం కాదు.

కిందటి నెల ఆ పలక విప్పుతుంటే మా అబ్బాయి ఫోన్ చేసి కేకలేశాడు. “అమ్మా, ఇనఫ్! ఆ జంక్ కార్ అమ్మేయ్, లేదా నేనే టో చేయించేస్తా!” నాకు ఒళ్లు మండింది. నా బండిని చెత్త అనడానికి వాడెవడని గట్టిగా జవాబు చెప్పి ఫోన్ పెట్టేశాను. కాసేపయ్యాక చేతులు కడుక్కుని మళ్లీ నేనే చేసి, ఈ కోపం అసలు ఎక్కడ మొదలైందిరా అని అడిగాను. “లాస్ట్ వీక్ నాలుగుసార్లు కాల్ చేశాను. నువ్వు తియ్యలేదు. జాక్ జారి నువ్వు కారు కింద ఇరుక్కున్నావేమో అనుకున్నా, అమ్మా,” అన్నాడు.

కారు అమ్మలేదు. దానికింద దూరేముందు వాడికి ఫోన్ చేసి చెబుతున్నాను, బయటికి వచ్చాక మళ్లీ చెబుతున్నాను. నా వయసులో ఇలా హాజరు వేయించుకోవడం విసుగ్గానే ఉంది. అయినా ఎదుటి మనిషి కోపం నా మీద పడినప్పుడు, అది మొదలైన చోటు కనబడేదాకా నేనిప్పుడు ఒక్క బోల్టు కూడా విప్పను.