అనిత స్లిప్పు మీద ఆరు అంకె

లైప్‌జిగ్‌లో జీతాల లెక్కలు చూసే ఒక ఆఫీసులో ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాను. రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, అక్టోబరులో, ఎనిమిది దుకాణాలున్న ఒక బేకరీ ఫైలు నాకు అప్పగించారు. అది చేతికొచ్చిన రెండు నెలల్లోనే, ఇంకో ఆఫీసు చేసిన తప్పును నేనొక్కణ్ణే పట్టుకొని, ఒక తెలుగు కుటుంబానికి చేజారబోయిన ఇంటిని నిలబెట్టాను. ఆ రోజుల్లో ఈ ఊళ్లో నా చేత జీతం స్లిప్పు చదివించుకోని తెలుగువాడు లేడు.

ఈ మాటలు చాలామందికి చెప్పాను. వీటిలో నిజమెంతో తర్వాత తేలుతుంది. ముందు మా పని సంగతి.

నా హోదాను జర్మన్‌లో జాఖ్‌బెఆర్బైటర్ అంటారు. గుమస్తా అంటే నాకు నచ్చదు గానీ, అదే. జర్మనీలో జీతం తీసుకునే ప్రతివాడికీ ఒక స్టాయర్‌క్లాస్, అంటే పన్ను తరగతి ఉంటుంది. ఒంటరివాళ్లకు ఒకటి. భార్యాభర్తలైతే, ఎక్కువ సంపాదించేవారు మూడు, తక్కువ సంపాదించేవారు ఐదు పెట్టుకోవచ్చు. లేదా ఇద్దరూ నాలుగులో ఉండవచ్చు. మూడులో నెలనెలా కోత తక్కువ, ఐదులో ఎక్కువ. మా ఇంట్లో మూడు నాది. కిటా అనే పసిపిల్లల బడి వంటగదిలో పనిచేసే నా భార్య శకుంతలది ఐదు. ఎందుకని ఆమె నన్నెప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇక ఆరు. రెండో ఉద్యోగం చేసేవారికి ఆ రెండో జీతం మీద పడేది ఆరు. దానికి మినహాయింపులేమీ ఉండవు, మొదటి యూరో నుంచే కోత. కాబట్టి ఏ ఉద్యోగం ప్రధానమో, ఏది పక్క ఉద్యోగమో ముందే తేలాలి. కొత్తగా చేరేవాళ్లు నింపే ఫారంలో ఆ ప్రశ్న ఉంటుంది: హౌప్ట్‌జాబా, నెబెన్‌జాబా, అంటే ప్రధానమా, పక్కదా? ఆ జవాబును పన్ను శాఖ కంప్యూటరుకు ఎక్కించేది మాలాంటివాళ్లం. ఆ కంప్యూటరు మనిషిని అడగదు. చివరగా ఎవరు 'ప్రధానం మేమే' అంటే వాళ్ల మాటే నమ్ముతుంది. అంతకుముందున్న ప్రధాన ఉద్యోగాన్ని చప్పుడు చేయకుండా ఆరులోకి తోసేస్తుంది.

ఆ అక్టోబరులోనే బతుకమ్మ. ఒక స్కూలు హాలు అద్దెకు తీసుకొని ఆడేవాళ్లు. ఇక్కడి తెలుగువాళ్లకు ఒక అలవాటు ఉండేది. ఆడవాళ్లు పూలతో వస్తే, మగవాళ్లు జేబుల్లో జీతం స్లిప్పులతో వచ్చేవారు. తలుపు పక్కన ఒక చిన్న బల్ల వేసుకొని నేను కూర్చునేవాణ్ణి. ఏటా నలభై మంది దాకా వచ్చేవాళ్లు. సరే, పాతిక మంది.

ఆ ఏడు నలుగురు వచ్చారు. హాలు అవతలి చివర ఇంకో బల్ల దగ్గర స్వప్న కూర్చుంది. కాకినాడ అమ్మాయి, ముప్పై దాటలేదు. ఊరవతల ఒక పరిశోధన ల్యాబు జీతాలు చూసే ఆఫీసులో చేరి ఏడాది. ఆమె ముందు పదిహేను మంది వరసకట్టి ఉన్నారు. ఆ వరసలో, ఇక్కడి ఇంటర్ లాంటి అబిట్యూర్ వాళ్లు చదివే రోజుల్నుంచి నేను ఎరిగిన పిల్లలున్నారు, నేను ఇల్లు చూపించిన కుర్రాళ్లున్నారు. నాకు అన్నం తెస్తానని వెళ్లిన శకుంతల అరగంటకు గానీ తిరిగి రాలేదు. వచ్చేసరికి అన్నం చల్లారిపోయింది. నేను తినలేదు.

నాకు అసూయ అని ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. అప్పట్లో దాన్ని 'అనుభవానికి విలువ లేకపోవడం' అనుకొన్నాను.

మరుసటి వారం బేకరీ నుంచి కొత్త ఫారం వచ్చింది. అనిత, కరీంనగర్ అమ్మాయి. శని ఆదివారాలు బేకరీలో, మిగతా రోజులు ల్యాబులో. ఆ ల్యాబు జీతం చూసేది స్వప్న ఆఫీసు. అనిత నెబెన్‌జాబ్ అన్న గడిలో నీలి సిరాతో స్పష్టంగా టిక్కు పెట్టింది. ల్యాబులో ఆమెది మూడో తరగతి. భర్త మాగ్డెబర్గ్‌లో ఇంకా చదువుతున్నాడు కాబట్టి వాళ్లింట్లో మూడు భార్యది.

తెర మీద రెండు గుండ్రటి గుర్తులు వచ్చాయి. ఏదో ఒకటి నొక్కాలి. వేలు జారిందని రాయవచ్చు. జారలేదు. హౌప్ట్ నొక్కాను. వచ్చే నెల స్వప్న జాబితాలో అనిత ఆరుగా కనబడుతుంది, కారణం తెలియక స్వప్న నాకు ఫోన్ చేస్తుంది, నేను తాపీగా వివరిస్తాను. అప్పుడు నాకు తట్టింది ఇంతే. అనిత తట్టలేదు.

నవంబరు జీతం పడ్డాక ఒక సోమవారం అనిత మా ఆఫీసుకు వచ్చింది. ప్లాస్టిక్ ఫోల్డరులో మూడు స్లిప్పులు. సెప్టెంబరు, అక్టోబరు మూడు. నవంబరు ఆరు. ల్యాబు జీతం చేతికొచ్చేది బాగా పడిపోయింది.

"అంకుల్, ఏం సమజైతలేదు," అంది. "ఇల్లు దొరికింది. రెండు గదులు. శుక్రవారం లోపల మూడు నెలల స్లిప్పులియ్యమన్నరు. ఇది చూస్తే ఇస్తరా? పాప మాగ్డెబర్గ్‌ల వాళ్ల నాన్న దగ్గరుంది. ఇల్లైతే ఇద్దర్నీ తెచ్చుకుంటననుకున్న. ఏడాదిన్నరైంది ఒక్కకాడ ఉండక."

"స్వప్నను అడిగావా?" అన్నాను.

"అడిగిన. చూస్తనన్నది. గానీ మీరు పెద్దోళ్లు గదా, మీకే ముందు తెలుస్తదని వచ్చిన."

ఆ మాటకు సిగ్గు పడాల్సింది. నిజం చెబితే, ముందు సంతోషం వేసింది. ఫోల్డరు తీసుకొని "ఎవరో తప్పు చేశారమ్మా, నేను చూస్తాను" అన్నాను. వాక్యం అబద్ధం కాదు.

మంగళవారం స్వప్న ఫోన్ చేసింది.

"అంకుల్, అనిత గారిది మీ దగ్గర హౌప్ట్‌గా పడినట్టుందండీ. ఒకసారి చూస్తారా?"

"మీ సాఫ్ట్‌వేర్ పాతదేమో చూసుకోమ్మా."

"చూశానండీ. కొత్తదే."

నేను బేకరీ ఫైలు తెరిచి, మూశాను. "శుక్రవారం పోతే ఆ ఇల్లు వేరేవాళ్లకిచ్చేస్తారంటండీ. వాళ్ల వెనకాల ఇంకా చాలామంది ఉన్నారు," అంది. అంతే, పెట్టేసింది.

ఇలాంటిది సరిచేయడం ఒకరి వల్ల కాదు. ముందు నేను మా బేకరీని పక్క ఉద్యోగంగా మార్చాలి. తర్వాత వాళ్లు తమది ప్రధానమని, వెనకటి తేదీతో మళ్లీ నమోదు చేయాలి. వెనకటి తేదీకి కొన్ని వారాల గడువే ఉంటుంది. కంప్యూటరు జవాబివ్వడానికి ఒకటి రెండు రోజులు. ఆ జవాబు వచ్చాకే నవంబరు స్లిప్పును సవరించి మళ్లీ తీయగలరు. అంటే మంగళవారం సాయంత్రానికి నేను కదలకపోతే శుక్రవారం దాటిపోయినట్టే.

కోటు వేసుకొని, విప్పి, మళ్లీ కూర్చొని మార్చాను. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలకు నాకు ఐదు వారాలు పట్టింది.

శుక్రవారం పదకొండింటికి స్వప్న సవరించిన స్లిప్పు అనితకు పంపింది. పన్నెండింటికి అనిత దాన్ని ఇంటివాళ్లకు చేర్చింది. జనవరిలో ఆ ఇంట్లో పాలు పొంగించుకొన్నారు. నేనూ వెళ్లాను. ఏ గదిలోంచి ట్రాం కనబడుతుందో మూడేళ్ల పాప జర్మన్‌లో చెబుతూ నన్ను కిటికీ దాకా లాక్కెళ్లింది. అక్కడే, పాయసం తాగుతూ, స్వప్న ఆఫీసు తప్పును నేనెలా పట్టుకొన్నానో మొదటిసారి చెప్పాను. స్వప్న అదే గదిలో ఉంది. గ్లాసులు కడిగింది.

ఇప్పుడు ఒప్పుకొంటున్నాను. ఇంకో ఆఫీసు ఏ తప్పూ చేయలేదు. చేసిందీ, దిద్దిందీ నేనే. దిద్దడంలో సగం స్వప్నది.

ఈ వృత్తిలోకి వచ్చేవారికి ఈ సంఘటన నేర్పేది ఇదీ: రెండు ఉద్యోగాల మనిషి వచ్చినప్పుడు ఏది ప్రధానమో ఆ మనిషి రాసిందే నొక్కాలి, ఆ కాగితాన్ని ఫైలులో ఉంచాలి. రెండో ఆఫీసులో ఎవరు కూర్చున్నారో చూడకూడదు. కంప్యూటరు చివరగా చెప్పినవాణ్ణి నమ్ముతుంది. కాబట్టి చివరగా చెప్పేవాడు నమ్మదగినవాడై ఉండాలి.

ఇక్కడికి ముగించి, తన పేరు ఉంది కాబట్టి అచ్చుకిచ్చే ముందు స్వప్నకు పంపాను. సాయంత్రం వాయిస్ మెసేజ్ వచ్చింది. శకుంతల పక్కనే కూర్చొని చిక్కుడుకాయలు గిల్లుతోంది. స్పీకరు మీద పెట్టి విన్నాను.

"అంకుల్, చదివానండీ. నొక్కింది మీరేనని నాకు జాబితా చూసిన రోజే తెలుసు. మా ల్యాబు కాక మీ బేకరీ తప్ప అనిత గారికి వేరే పని లేదు కదా. మీరే దిద్దుకుంటారులే అని ఆగాను. అది రాశారు, బావుంది. కానీ ఆ బతుకమ్మ క్యూ సంగతి తప్పండీ. అది నాకోసం కాదు. నా పక్కన బగారా అన్నం గిన్నె పెట్టారు, వాళ్లంతా దానికోసం నిలబడ్డారు. ఆ రోజు స్లిప్పు పట్టుకొని నా దగ్గరకొచ్చింది ఒక్కరేనండీ. శకుంతల ఆంటీ. తన స్లిప్పు మీద ఐదు ఎందుకుందని అడిగారు."