ఎంపీగారు కలలోకి వచ్చారు

మా కాఫుయి అత్తకు ఒక్కటే జబ్బు. రాత్రి ఎవరు కలలోకి వస్తే, తెల్లారగానే వాళ్ళింటికి వెళ్ళి ఆ కల చెప్పి రావలసిందే. చెప్పేదాకా ఆవిడకు ముద్ద దిగదు. వోల్టా సరస్సు ఒడ్డున చేపలు పొగబెట్టి అమ్ముకునే మనిషి. ఆ పొగలోంచి నడిచి వస్తుంటే కాళ్ళు నేలకు ఆనుతున్నాయా అని అనుమానం వచ్చేది.

పొద్దున్నే ఆవిడ దారిలో కనబడితే చాలు, ఎవరి గుమ్మం ముందు ఆగుతుందోనని ఊరంతా చూసేది. ఒకసారి పాస్టరుగారి గుమ్మం ముందు ఆగింది. ఆయన సరస్సు నడుమ నిలబడి చేపలకు ప్రసంగం చేస్తున్నారట, చేపలన్నీ ఒకటొకటిగా నిద్రపోయి వెల్లకిలా తేలాయట. అంత హాయిగా ఉందా అమ్మా నా ప్రసంగం అని పాపం ఆయన సంతోషించారు. మధ్యాహ్నానికి గానీ ఆయనకు అర్థం కాలేదు. ఆ ఆదివారం ప్రసంగం చిటికెలో ముగిసి, మేమందరం ఎండెక్కకముందే ఇళ్ళకు చేరాం.

ఇలా ఉండగా ఎన్నికలు వచ్చాయి. సెలాసీ అనే పెద్దమనిషి మా ఊరొచ్చి, బోర్లించిన పడవ మీదికెక్కి, ఇక్కడే కాన్పుల ఆసుపత్రి కట్టిస్తానన్నాడు. ఆడవాళ్ళందరం ఆయనకే వేశాం. మాకు నొప్పులొస్తే పడవలో అవతలి ఒడ్డుకు పోవాలి. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన అడవి ఇంకా నీళ్ళ కిందే నిలబడి ఉంది. మోడు తగిలిందా, పడవ బోల్తాయే.

సెలాసీ ఎంపీ అయ్యాడు. గోడలు నడుమెత్తు లేచాయి. ఆ తర్వాత మేస్త్రీలూ కనబడలేదు, ఆయనా కనబడలేదు. గోడల మధ్య మేకలు కాపురం పెట్టాయి. ఆ ఆసుపత్రిలో కాన్పులే జరగలేదంటే అబద్ధం, కాకపోతే అన్నీ మేకలవే.

మా అన్న ఎడెమ్ భార్యకు అప్పుడు మూడో నెల. మా ఊరి పెద్దాయన ఒకరు పోతే, అంత్యక్రియలకు ఎంపీ వస్తున్నాడని తెలిసింది. దారికడ్డంగా టైర్లు తగలబెట్టి నిలదీయడానికి ఎడెమూ, వాడి స్నేహితులూ సిద్ధమయ్యారు. అత్త వాళ్ళను ఒక్క మాట అనలేదు. తనకు కలొచ్చిందనీ, అది చెప్పేదాకా ఆగమనీ అంది. అత్త కల అంటే వాళ్ళకూ వినాలనే ఉంటుంది. ఆగారు.

షామియానా కింద డప్పులు ఆగాక అత్త మైకు అడిగి తీసుకుంది.

"ఎంపీగారూ, రాత్రి మీరు నా కలలోకి వచ్చారు. మన ఆసుపత్రికి నీలం రేకుల కప్పు. కిటికీలకు తెల్ల పరదాలు, సరస్సు గాలికి మెల్లగా ఊగుతున్నాయి. అప్పుడే పుట్టిన పసిపిల్లను మీ చేతుల్లో పెట్టారు. ఆ పిల్ల కళ్ళు విప్పి, మీ మొహంలోకి చూసి, ఏదో అడగబోయింది."

ఎంపీ ఉండబట్టలేకపోయాడు. "ఏమడిగింది?"

"మెలకువ వచ్చేసింది బాబూ. మళ్ళీ వస్తే వచ్చి చెబుతాను."

జనం పగలబడి నవ్వారు. ఎడెమ్ నవ్వి నవ్వి టైరు మీదే కూలబడ్డాడు. ఇంక తగలబెట్టేదేముంది?

అక్కణ్ణుంచి అత్త మంచి బట్ట కట్టుకుని, చేపల మూటతో పట్నంలో ఆయన ఆఫీసుకు వెళ్ళడం మొదలుపెట్టింది. ఒక కలలో ఎంపీ నిచ్చెనెక్కి తనే రేకులకు మేకులు కొడుతున్నాడు. ఇంకో కలలో వెన్నెల గదిలోకి వచ్చి మంచాల మధ్య అడుగులో అడుగేసుకుంటూ తిరుగుతోంది. ప్రతి కలలోనూ పిల్ల నోరు తెరిచేది, అత్తకు మెలకువ వచ్చేది. గుమాస్తాలు పని మానుకుని వినేవాళ్ళు. రేడియోకు ఫోన్లు వెళ్ళాయి. ఆఖరికి ఎంపీ కన్నతల్లే, ఆ పిల్ల ఏమడిగిందిరా అని కొడుక్కి కబురు పెట్టిందట.

ఒకరోజు నేనూ అత్త వెంట వెళ్ళాను. ఎంపీ తలుపు వేసి, చేతులు పట్టుకున్నంత పని చేశాడు.

"అత్తా, నన్ను ఇంక కలలోకి రానివ్వకు."

"నేను పిలుస్తున్నానా బాబూ? మా ఊరు రావడానికి మొహం చెల్లక మీరే కలల దారిన వస్తున్నారు."

ఆయన గుమాస్తాను పిలిచి, మేస్త్రీలకు కబురు పెట్టమన్నాడు.

వానలకు ముందే గోడలు పూర్తయి రేకులు పడ్డాయి, నీలం రేకులే. వెనకే కాన్పులు చేసే నర్సు వచ్చింది. మేకలు అలిగి వెళ్ళిపోయాయి. మా వదిన అక్కడే ఆడపిల్లను కంది. ఎంపీ వచ్చి ఎత్తుకున్నాడు. పిల్ల ఏమీ అడగలేదు, ఆయన మొహం మీద తుమ్మింది.

మర్నాడు పొగపొయ్యి మీద చేపలు తిరగేస్తూ, ఇంతకీ కలలో పిల్ల ఏమడిగిందత్తా అన్నాను.

"నాకేం తెలుసే? నాకసలు కలలే రావు. పడుకుంటే తెల్లారేదాకా మొద్దునిద్ర."

నా ముందున్న చేప మాడిపోయింది.

"నలుగురిలో అబద్ధాలకోరువి అంటే ఎవడైనా మొండికేస్తాడు," అంది అత్త నింపాదిగా. "మీ అన్నను పోలీసులు పట్టుకుపోయుంటే, మీ వదిన పక్కన ఎవరుండేవాళ్ళు? కలలో ఆయన మంచివాడు. చూసి చూసి, అలా ఉంటే బాగుంటుందని ఆయనకే అనిపించింది."

మాట పూర్తికాకుండానే ఎంపీ కారు గుంతల్లో పడుతూ లేస్తూ వచ్చి మా ముందు ఆగింది. వెంట మందీమార్బలం లేదు. పీట లాక్కుని కూర్చున్నాడు.

"అత్తా, రాత్రి నాకో కల వచ్చింది. మీ ఊరికి తారు రోడ్డు..."

అత్త చేతులు తుడుచుకుని, చెంపకు చెయ్యి ఆనించి, ఆయన ఎదురుగా చతికిలబడింది.

"తొందరేం లేదు, నిదానంగా చెప్పు బాబూ. ఎక్కడిదాకా వేశారు?"