ఐదక్షరాల కత్తి

ఎగుచి తొషిహరుకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. యాభై నాలుగేళ్ళు వచ్చినా భోజనానికి కూర్చుంటే బల్ల కింద కాలు ఆడుతూనే ఉంటుంది, గిన్నెలో మిసో చారు తొణుకుతూనే ఉంటుంది. చలికాలంలో ఫరవాలేదు. మా సాగా తీరంలో నవంబరు నుంచి మార్చి దాకా సముద్రపాచిని పల్చటి రేకులుగా ఆరబెట్టే యంత్రాలు ఆగకుండా తిరుగుతాయి. వాటిలో ఏది మొరాయించినా జనానికి ముందు గుర్తొచ్చేది తొషిహరే. ఏప్రిల్ వచ్చేసరికి యంత్రాలు ఆగిపోతాయి, ఆయన మాత్రం ఆగడు. ఒక వేసవిలో బాగానే ఉన్న స్నానాలగది తలుపును మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాడు. నాలుగోసారి స్క్రూడ్రైవర్ కనబడలేదు. భార్య సుమకో దాన్ని బియ్యం డబ్బాలో దాచేసింది.

కత్తుల పిచ్చి ఆ ఖాళీ చేతుల్లోంచే పుట్టింది. మూడేళ్ళ కిందట ఒక పాచి రైతు పాత కొట్టు ఖాళీ చేస్తూ, తన యంత్రం బాగుచేసినందుకు సంతోషంగా ఒక ఇనుప బిళ్ళ తీసి ఈయన చేతిలో పెట్టాడు. కత్తి పిడికీ అలుగుకీ మధ్య ఉండే త్సుబా అది. ఒళ్ళంతా తుప్పు. తుప్పు కింద రెండు పీతలు, మా బురద తీరంలో ఒక డెక్క పైకెత్తుకుని తిరిగే రకం, ఉన్నట్టూ లేనట్టూ కనబడుతున్నాయి. వాటిని చూడాలని తొషిహరుకు ఆత్రం. ఇంటికెళ్ళి వైరు బ్రష్షు తీశాడు. అరగంటలో త్సుబా కొత్త మూకుడులా తళతళలాడింది.

దాన్ని జేబులో వేసుకుని పేట సంఘం హాలుకు వెళ్ళాడు. ప్రతి నెలా రెండో ఆదివారం మధ్యాహ్నం అక్కడ కత్తుల సభ జరుగుతుంది. సభకు పెద్ద ఉషిజిమా మాస్టారు. అరవై ఏళ్ళు కత్తులకు సానపట్టిన మనిషి. ఎనభై దాటి చేతులు వణకడంతో పని మానేశారు గానీ కళ్ళు మానలేదు. ఆయన త్సుబాను రెండువైపులా తిప్పి చూసి గుడ్డమీద పెట్టి, దేనితో తోమావని అడిగారు. తొషిహరు గొప్పగానే చెప్పాడు.

“ఆ నలుపు రావడానికి రెండొందల ఏళ్ళు పట్టింది. నీకెంతసేపు పట్టింది?”

“అరగంటండి.”

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటేనే నయం. తొషిహరు చెవులు కాలిపోయాయి. మాస్టారు మాత్రం సొరుగులోంచి చిన్న జింక కొమ్ము ముక్క, ఒక నూలు గుడ్డ తీసిచ్చి, తుప్పు కనిపిస్తే కొమ్ముతో నెమ్మదిగా గీకి, తర్వాత గుడ్డతో, చేత్తో రోజూ రుద్దుతూ ఉండమన్నారు. ఎన్నాళ్ళని అడిగితే, నేను చెప్పేదాకా అన్నారు. పోతూ పోతూ ఇంకో మాట కూడా చెప్పారు. ఎప్పుడైనా కత్తి కొంటే, పిడిలో దాగి ఉండే మొదలు జోలికి మాత్రం పోకు, అక్కడి తుప్పే దాని వయసు.

అవమానపడి వచ్చినవాడు మళ్ళీ ఆ గుమ్మం తొక్కకూడదు. తొషిహరు తొక్కాడు. మరుసటి నెలా తొక్కాడు, ఆ మరుసటి నెలా తొక్కాడు. ట్రాఫిక్ లైటు దగ్గర బండి ఆగితే చాలు, జేబులోంచి త్సుబా తీసి రుద్దేవాడు. ఆడే కాలుకు తోడు ఆడే చెయ్యి కూడా వచ్చిందని సుమకో అంటుండేది.

కిందటి శరదృతువులో కత్తి కొన్నాడు. కొత్త మినీ ట్రక్కు కోసమని భార్యాభర్తలు అయిదేళ్ళుగా దాచుకున్నది దానికే పోయింది. ఫుకుఓకాలో ఒక దుకాణంలో, పిడి విప్పి చూపించగానే ఆ నల్లటి మొదలు మీద ఉలితో చెక్కిన ఐదక్షరాలు. మొదటి మూడూ మా సీమ పాత పేరు, చివరి రెండూ ఈ సీమ మొత్తం గర్వంగా చెప్పుకునే కమ్మరి పేరు. తొషిహరు ఆ ఐదక్షరాలనే కొన్నాడు. వాటికి అతుక్కుని రెండడుగుల నాలుగంగుళాల ఉక్కు కూడా వచ్చింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దున ఇంట్లో ఒక తంతు మొదలైంది. వంటగది బల్ల మీద దుప్పటి పరుస్తాడు. ఎదురుగా సుమకో టార్చి పట్టుకుని కూర్చోవాలి. బుల్లి ఇత్తడి సుత్తితో పిడిలోని వెదురు చీల కొట్టి తీస్తాడు, పిడి ఊడదీస్తాడు, భూతద్దం పెట్టి ఐదక్షరాలూ చదువుతాడు. పుస్తకంలో ఉన్న అసలు సంతకం ఫోటోతో గీత గీతా పోల్చుకుంటాడు. మూడో అక్షరం చివర ఉలి కొద్దిగా పక్కకు జారినట్టుంటుంది, పుస్తకంలో అలా లేదు. అరిగిపోయి ఉంటుందిలే అని ఒక వారం సర్దుకుంటాడు, కాదేమోనని మరో వారం గుండె దడదడలాడుతుంది. అది అయ్యాక అలుగు మీద పాత నూనె కాగితంతో తుడిచి, కొత్త నూనె రాసి, ఒరలో పెట్టేస్తాడు. ఆ పని రెండు నిమిషాలు.

దడ భరించలేక ఫిబ్రవరిలో కత్తిని పరీక్షకు టోక్యో పంపాడు. అక్కడి పెద్దలు అసలుదేనని తేలిస్తే పత్రం ఇస్తారు. వేసవి వచ్చింది, యంత్రాలు ఆగాయి, జవాబు రాలేదు. పోస్టు మనిషి బండి చప్పుడు వినబడితే చాలు, తొషిహరు కాలు కాలిన పిల్లిలా గుమ్మానికీ వంటగదికీ తిరిగేవాడు. జులైలో కత్తి తిరిగొచ్చింది. వెంట పత్రం లేదు. సంతకం ఆ కమ్మరిది కాదట.

రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. సిగ్గు ఒకవైపు, కోపం ఒకవైపు, ట్రక్కు మాట ఎత్తకుండా ఊరుకున్న సుమకోను చూస్తే ఏడుపు ఇంకోవైపు. మూడో రోజు, కత్తుల సభలో సభ్యుడైన పంటి డాక్టరు ఫుకుచి ఫోను చేసి తేలిగ్గా దారి చెప్పాడు. దొంగ సంతకం ఉన్నంతకాలం ఆ కత్తికి పత్రం రాదు. సంతకం తీయించేసి, పేరు లేని కత్తిగా పంపితే, పనితనం బాగుంటే వస్తుంది. అందరూ చేసేదే, తప్పేం లేదు, కత్తికి ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్ కార్డు మాత్రం మళ్ళీ రాయించుకోవాలి. కరాత్సులో ఆ పని తెలిసిన చేయి ఉంది, ఉషిజిమా మాస్టారు చెబితే చేస్తాడు.

తొషిహరు ఆ సాయంత్రమే కత్తినీ కార్డునూ పట్టుకుని మాస్టారింటికి వెళ్ళాడు. ఎంత త్వరగా అయితే అంత మంచిదన్నాడు. మాస్టారు వెంటనే ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. తీసేసిన సంతకం మళ్ళీ రాదు, తెలుసు కదా అని అడిగారు. తెలుసన్నాడు. ఆదివారం సభ అయ్యాక, సోమవారం తనే కరాత్సు తీసుకెళ్తానని చెప్పి కత్తి తన దగ్గరే ఉంచుకున్నారు.

ఆ వారం తొషిహరు పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. తీయించేద్దామని మంగళవారం అనుకున్నాడు. ఉన్న పేరు దొంగదైనా పేరే కదా, అదీ పోతే ఇక ఏముందని బుధవారం అనుకున్నాడు. గురువారం మాస్టారికి రెండుసార్లు ఫోను చేసి, ఆయన హలో అనగానే పెట్టేశాడు. శుక్రవారం బాగానే ఉన్న బియ్యం కుక్కర్ విప్పాడు. ఆ రోజు ఇద్దరూ కొట్లో కొన్న నూడుల్సు తిన్నారు.

ఆదివారం హాల్లో ఏడుగురు చేరారు. తెరలు వేసేశారు, వరసగా ఐదు బల్లలు, బల్లకొక మసక లేని బల్బు, ఒక్కో కత్తి. మా సభల్లో ఇదే ఆట. సంతకం కనబడకుండా కత్తి మొదలుకు గుడ్డ తొడుగు వేస్తారు. అలుగు చూసి ఎవరి పనో చీటీ మీద రాసి ఇవ్వాలి. కత్తికి దణ్ణం పెట్టాలి, చేతిలోకి తీసుకోవాలి, నోరు మెదపకూడదు, ఎందుకంటే తుంపర పడితే ఉక్కు పాడవుతుంది. మాస్టారు చీటీ మీద జవాబు రాస్తారు. పేరు సరిగ్గా చెబితే “తగిలింది”, అదే గురువు బడిలో వేరే చేయి అయితే “అదే బడి”, అదీ కాకపోతే “కాదు”. రెండున్నరేళ్ళలో తొషిహరుకు దక్కినవన్నీ “కాదు”లే. పేరు కనబడని కత్తి ముందు ఏం చెయ్యాలో ఆయనకు తోచేది కాదు.

ఆ రోజు మొదటి రెండూ అలాగే పోయాయి. మూడో కత్తి ఎత్తి బల్బుకు ఎదురుగా పట్టాడు. అంచు వెంబడి తెల్లటి గీత తిన్నగా సాగింది, పోటు దిగినప్పుడు మా బురద మీద మిగిలే నీటి చార లాగా. పైన ఉక్కు సన్నటి తవుడు చల్లినట్టు మెత్తగా ఉంది. కొద్దిగా వంచితే గీత లోపల పొగలాంటిదేదో కదిలింది. తొషిహరు ఊపిరి బిగబట్టాడు. కాలు ఆడటం మానిందని ఆయనకే తెలియదు. పక్కవాడు దగ్గే దాకా కింద పెట్టలేదు. అసలైన పని అంటే ఇలా ఉంటుంది కాబోలు అనుకున్నాడు. తన కత్తి గుర్తొచ్చింది. ఎవరిదో గానీ అదృష్టవంతుడని కుళ్ళుకున్నాడు కూడా.

చీటీ మీద ఆ మహా కమ్మరి పేరే రాశాడు. మాస్టారు చూసి, కళ్ళద్దాల మీదుగా ఒకసారి ఆయన్నీ చూసి, “అదే బడి” అని రాసిచ్చారు. తొషిహరు ఆ రెండు మాటలూ నాలుగుసార్లు చదువుకున్నాడు. జీవితంలో మొదటిసారి దగ్గరగా వెళ్ళాడు. ఆ చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు, సుమకోకు చూపించాలని.

చివర తెరలు తీసి తొడుగులు విప్పుతారు. మూడో కత్తి తొడుగు మాస్టారే విప్పారు. నల్లటి మొదలు మీద ఐదక్షరాలు. మూడో అక్షరం చివర ఉలి పక్కకు జారింది.

ఆ జారుడును తొషిహరు హాలు అవతలి మూల నుంచి కూడా పోల్చుకోగలడు. పోల్చుకున్నాడు.

డాక్టరు ఫుకుచి మొదలు వైపు వంగి చదివాడు, తర్వాత తొషిహరు వైపు తిరిగాడు. “ఎగుచి గారూ, ఇంటికెళ్తే ఆవిడనైనా గుర్తుపడతారా? లేకపోతే ఆవిడ కూడా పేరు రాసుకుని కూర్చోవాలా?”

అందరూ నవ్వారు. తొషిహరు కూడా నవ్వాడు, అందరి నవ్వూ అయిపోయాక. అందరూ వెళ్ళేదాకా చాపలు సర్దుతున్నట్టు నటిస్తూ ఉండిపోయాడు. మాస్టారు కత్తికి నూనె రాసి, పిడి బిగించి, ఒరలో పెట్టారు.

“నన్ను నలుగురిలో ఇలా చేయడం బాగుందాండి?” అని అడిగాడు తొషిహరు.

“బాగాలేదు,” అన్నారు మాస్టారు. “చెబితే వింటావా నువ్వు? వైరు బ్రష్షు మనిషివి. పేరు తీసేస్తే కత్తికి వచ్చే నష్టమేం లేదు ఎగుచీ. ఎవరో మంచి శిష్యుడి పని అది, అలాగే ఉంటుంది. నీ దగ్గరే ఏమీ మిగలదు. దానిలో నీకు తెలిసింది ఆ ఐదక్షరాలే.”

ఆ మాట అబద్ధమైతే తొషిహరు కోపం తెచ్చుకునేవాడే. రేపు కరాత్సు వెళ్ళొద్దండి అన్నాడు. మరి ఎప్పుడని మాస్టారు అడిగితే, ముందు దాన్ని చూడనివ్వండి, చూశాక తీయించాలో వద్దో నేనే చెబుతాను, పత్రం ఎక్కడికీ పోదు అన్నాడు. ఆ చివరి ముక్క అనడానికి ఆయనకు చాలా కష్టమైంది. మాస్టారు కత్తినీ కార్డునూ ఇచ్చేసి, అలవాటుగా త్సుబా చూపించమని చెయ్యి చాపారు. తీసిచ్చాడు. పీతల వీపులు కాస్త నల్లబడ్డాయి. రుద్దుతూ ఉండు అని మాత్రం అన్నారు.

ఇంటికొచ్చి సుమకోకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. నవ్వుతుందనుకున్నాడు. ఆమె చేస్తున్న పని ఆపి వింది.

“ఆ నువ్వుగింజంత మచ్చ కూడా చూడలేదా మీరు?”

“ఏ మచ్చ?”

ఆమె కరెంటు బిల్లు వెనక్కి తిప్పి పెన్సిలు తీసింది. అలుగు వంపు గీసింది, అంచు వెంబడి చార గీసింది. మధ్యకు కొంచెం పైన ఒక చుక్క పెట్టింది, ఆ చుక్క కింద చారను కాస్త లోపలికి వంచింది. కొస దగ్గర చార ఎలా వెనక్కి తిరుగుతుందో ఆలోచించకుండానే గీసేసింది.

“నీకివన్నీ ఎలా తెలుసు?”

“నాలుగు నెలలు ప్రతి ఆదివారం టార్చి పట్టించారు కదా,” అంది. “మీరు ఆ చివర చదువుకుంటుంటే, ఈ చివర నా ముందే ఉండేది. నేనింకెటు చూడను?”

తొషిహరు బల్ల మీద దుప్పటి పరిచాడు. ఇత్తడి సుత్తి కోసం చెయ్యి దానంతటదే సొరుగు దాకా వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాడు. ఆ రోజు వెదురు చీల తీయలేదు, పిడి విప్పలేదు. ఒరలోంచి కత్తి దూసి, నూనె తుడిచి, పిడి పట్టుకుని కూర్చున్నాడు. సుమకో కుర్చీ ఈయన వైపుకే లాక్కుని టార్చి వేసింది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడింది, తుంపర పడకుండా.

“కొంచెం పైకి. అక్కడ కాదు, ఇంకా పైకి. కనబడిందా?”

బల్ల కింద కాలు ఆడటం మొదలైంది. కనబడిందని అనేస్తే పోతుంది, ఇదివరకు అయితే అనేసేవాడే.

“లేదు,” అన్నాడు తొషిహరు. “మళ్ళీ చూపించు.”