తూచకుండా రాసిన యాభై రెండు

పదకొండేళ్లుగా ఈ మాట కడుపులో దాచుకుని తిరుగుతున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గజపతినగరం దగ్గర ఓ చిన్న సర్కారు ఆసుపత్రిలో నర్సుని. నెలనెలా బీపీ మాత్రలకు వచ్చేవాళ్లను తూచి, బరువును మా దగ్గరే ఉండే కార్డులో రాయడం నా పని. నేనేం చేసేదాన్నంటే, ముందురోజే కూర్చుని పోయిన నెల అంకెను ఈ నెల గడిలోనూ దింపేసేదాన్ని. మర్నాడు లైను చకచకా కదిలేది, నాకు మధ్యాహ్నం బస్సు అందేది. పెద్దవాళ్ల బరువు నెలలో ఏం మారుతుందిలే అనుకునేదాన్ని. నిజంగా అలా అనుకున్నానా, సాకు వెతుక్కున్నానా? సాకే. ఒట్టి బద్ధకం.

సూరమ్మ పిన్నిది పక్క ఊరు, ఆవిడా బీపీ మాత్రలకే వచ్చేది. పగలంతా నువ్వుచేలో వంగినా అలసట ఎరగని మనిషి. ఒకరోజు వచ్చి నా బల్ల ముందు చతికిలబడింది.

"ఏటోనమ్మా, నాలుగడుగులేస్తే నీరసం వచ్చేస్తన్నాది. జాకెట్లన్నీ వదులైపోతన్నాయి, సూడు."

"సాగిపోయుంటాయిలే పిన్నీ. ఎండలు కదా, నీరసం ఉంటాది," అని నవ్వాను.

లోపల డాక్టరమ్మ కార్డు చూసింది. యాభై రెండు, యాభై రెండు, యాభై రెండు. "బరువేం తగ్గలేదుగా," అని బలానికి మాత్రలు రాసింది. ఆవిడ తప్పేముంది? నేను గుమ్మంలోనే ఉన్నాను. తూచలేదండీ అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. తర్వాతి కార్డు అందుకున్నాను.

మూడు నెలలకు పిన్ని కోడలి భుజం పట్టుకుని వచ్చింది. దగ్గుతోంది. అప్పుడు తూచాను. నలభై మూడు! కార్డు పోయిందని అబద్ధమాడి కొత్తది రాశాను, పాతది చించేశాను. కళ్లె పరీక్షలో టీబీ అని తేలింది.

ఆరు నెలలూ రోజూ వాళ్లింటికెళ్లి దగ్గరుండి మందు మింగించాను. ప్రేమతోనా, భయంతోనా? రెండూనూ. అప్పటినుంచి తూచకుండా ఒక్క అంకె రాయలేదు.

పిన్ని ఇప్పుడు దిట్టంగా ఉంది. కోడలి మీద కేకలేస్తుంది, పనసతొనలు తెచ్చి నా నోట్లో పెడుతుంది. ఆవిణ్ణి చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. నిజం చెబితే ఆ రాకపోకలు ఆగిపోతాయేమోనని నోరు మూసుకున్నాను, అంత స్వార్థం. లైన్లో ఉన్నవాళ్లందరికీ చెబుతుంది: "ఈయమ్మ తూసి పట్టుకోబట్టే నాను బతికినాను."

ప్రతిసారీ నవ్వి ఊరుకుంటాను. క్షమించమని ఎవరినీ అడగను, ఆ హక్కు నాకు లేదు. ఆవిడ జబ్బును పట్టుకున్నదాన్ని కాదు, మూడు నెలలు దాచినదాన్ని. అమ్మయ్య, అనేశాను.