సొంతింట్లో తుడిచిన కుకీలు

ఆయన్ని ఆ వీధిలో అందరూ చీపురాయన అంటారు. అలాగని వీధులు ఊడ్చే పనేం కాదు, ఇళ్లకెళ్లి కంప్యూటర్లు బాగుచేస్తాడు. తెర వెలగట్లేదన్నా, ప్రింటరు మొరాయించిందన్నా ముందు చేసేది మాత్రం ఊడ్చెయ్యడమే. పాత ఫైళ్లు, సగంలో ఆగిన డౌన్‌లోడ్లు, కుకీలు, ఏదీ మిగలదు. కుకీలంటే ఏంటని ఎవరైనా అడిగారో, "మీరెవరో గుర్తుపట్టడానికి వెబ్‌సైట్లు మీ కంప్యూటర్లో దాచుకునే చీటీలండీ. ఒట్టి చెత్త!" అనేవాడు. ఉంచాలా తీసెయ్యాలా అని ఇంటివాళ్లని ఒక్కనాడు అడిగితే ఒట్టు. మనిషి మంచివాడే, వచ్చిన చిక్కల్లా ఆ దూకుడుతోనే, ఆ నోటితోనే.

ఆ నోటితోనే రెండేళ్ల కిందట కూతుర్ని దూరం చేసుకున్నాడు. నలుగురి కాళ్లూ వేళ్లూ పట్టుకుని ఓ ఆఫీసులో ఉద్యోగం వేయిస్తే, ఆ పిల్ల ఆర్నెల్లకే మానేసి, వేరే ఊళ్లో ఫోటో స్టూడియోలో చేరతానంది. "నా పరువు గంగలో కలిపావు. మళ్లీ ఈ గుమ్మం తొక్కావంటే ఊరుకోను" అని అరిచాడు. పౌరుషంలో తండ్రికేం తీసిపోదు కదా, అన్నట్టే వెళ్లిపోయింది. ఫోన్ నంబరు మార్చేసింది, ఎక్కడుంటోందో కబురు కూడా పెట్టలేదు. ఇంట్లో ఎవరైనా దాని ఊసెత్తితే ఈయన అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు.

ఓ ఆదివారం మధ్యాహ్నం చేతిలో పనిలేక సొంత కంప్యూటరు ముందు కూర్చున్నాడు. అది ఈ మధ్య మరీ ఈడ్చుకుంటూ నడుస్తోంది. సిస్టమ్ ఫైళ్లు వదిలేసి, మిగతా చెత్తంతా ఎంచి, ఒక్క నొక్కుతో తీసిపారేశాడు.

"ఏమేవ్, ఇలా వచ్చి చూడు, ఎంత చురుగ్గా ఉందో!"

భార్య తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏం చేశారు?"

"కుకీలన్నీ లేపేశాను."

ఆవిడ మౌసు లాక్కుని ఏదో తెరిచింది. పాస్‌వర్డ్ చెప్పమంది తెర. మళ్లీ తెరిచింది, మళ్లీ అదే. మంచం మీద కూలబడిపోయింది.

"నా గొంతు కోశారు కదండీ!"

అప్పుడు బయటపడింది సంగతి. అమ్మాయి వెళ్లేటప్పుడు ఈ కంప్యూటర్లో తన అకౌంటు మూయడం మర్చిపోయిందట. అక్కడ దాని ఫోన్‌తో ఏ ఫోటో తీసుకున్నా ఇక్కడ కనబడేదట. ఈయన పనికెళ్లగానే ఈవిడ తలుపు గడియపెట్టి రోజూ చూసుకునేది. కొత్తగా కొన్న పొయ్యి, గోడ మీద పిల్లి, అద్దెగదికి వేసిన నీలం రంగు, ఇలా రెండేళ్లూ పిల్లని కళ్లతో సాకింది.

"పోయినవారం చెయ్యి విరిగిందండీ దానికి. ఎక్స్‌రే ఫోటో చూశాను. తర్వాత పిండికట్టు. ఇవాళ ఎలా ఉందో చూద్దామనుకున్నాను."

"నాతో ఒక్కమాట చెప్పొచ్చుగా?"

"చెబితే చూడనిచ్చేవారా?"

"ఏ చెయ్యి?" అన్నాడు.

"కుడిచెయ్యి."

రెండేళ్ల కోపం ఎటుపోయిందో ఏమో, పిల్ల అన్నం ఎలా తింటోందో అన్న దిగులొక్కటే మిగిలింది ఆయనకి. చూడాలి, ఒక్కసారి చూడాలి.

"ఉండండి, కాలేజీ నోటుబుక్కులో ఎక్కడో రాసుకుంది పాస్‌వర్డ్. అటక మీద వెతుకుతాను. నేనొచ్చేదాకా మీరు దేన్నీ ముట్టుకోకండి, మీకు దణ్ణం పెడతాను" అని ఆవిడ వెనకగదిలోకి వెళ్లింది.

ముట్టుకోకుండా ఉంటే ఆయన చీపురాయన ఎందుకవుతాడు! పుట్టినరోజు కొట్టి చూశాడు. తప్పంది. బడి పేరు కొట్టాడు, తప్పంది. ఇంటి నంబరు కూడా అయింది. ఈ అకౌంటుకి కలిపిన ఫోన్‌కి కోడ్ పంపమంటారా అని తెర అడిగింది. జనం ఇళ్లలో రోజూ నొక్కే మీటే అది, వేలు దానంతటదే నొక్కేసింది. నొక్కాక గాని గుర్తురాలేదు మహానుభావుడికి, ఆ ఫోన్ ఉన్నది కూతురి చేతిలో అని.

పావుగంటకి ఆవిడ దుమ్ముకొట్టుకున్న నోటుబుక్కు పట్టుకొచ్చింది. ఒక్కో అక్షరం ఆవిడ చదివింది, ఆయన కొట్టాడు. తెర మీద ఒక ముక్క వచ్చింది: ఈ పాస్‌వర్డ్ ఆరు నిమిషాల కిందట మారింది.

"అంటే ఏంటండీ?"

"నువ్వు చెప్పిందే సరైనది. ఇందాకటిదాకా."

"మీరేం చేశారు?"

చెప్పాడు. తిడుతుందనుకున్నాడు, తిట్టినా బాగుండేది. ఆవిడ నోటుబుక్కు మూసి ఒళ్లో పెట్టుకుంది.

"అయితే మనమేనని తెలిసే మార్చేసిందంటారా?"

కోడ్ వెళ్లిందంటే వెనకే ఒక హెచ్చరిక కూడా వెళ్తుంది. లోపలికి రావాలని చూసింది ఏ ఊరి నుంచో అందులో రాసుంటుంది. కంగారుపడకండి, ముందు ఊరి పేరు చూసుకోండి అని ఎంతమందికి తనే చెప్పుంటాడో లెక్కలేదు.

"మనమని దానికెలా తెలుస్తుందే? ఎవరో దొంగలనుకుని ఉంటుంది."

"మనమని తెలిస్తే మార్చేది కాదు కదండీ?"

"మార్చేది కాదు" అన్నాడాయన.