కాలు బాగుపడకూడదన్న పెద్దమనిషి

మా అత్త కాలు విరిగేటప్పటికి నేను చీపురుపల్లిలో కాపురం పెట్టి రెండేళ్ళు నిండలేదు. అరవయ్యో దశకం ఆఖరు రోజులవి. మా ఆయన అక్కడి రైలు స్టేషనులో గూడ్సు గుమస్తా. అత్తంటే వేరెవరో కాదు, మా నాన్నకి సొంత అక్క. పుట్టినప్పటి నుంచీ ఆవిడ చేత తిట్లు తిన్నదాన్నే కాబట్టి, కోడలినయ్యాక కొత్తగా కష్టపడిందేమీ లేదు. ఆవిడ ఒకటంటే నేను రెండనేదాన్ని. మధ్యలో మా ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

ఆ ఎండాకాలం అత్త శ్రీముఖలింగం దగ్గర కూతురింటికి వెళ్ళి తిరిగి వస్తోంది. ఎదురుగా గడ్డిబండి వస్తే తప్పించబోయి డ్రైవరు బస్సుని రోడ్డు దింపేశాడు. మడి ఎండిపోయి ఉంది కాబట్టి బస్సు ఓ పక్కకి ఒరిగి ఆగిపోయింది. మిగతావాళ్ళందరికీ బొప్పులు, గీతలు. అత్తకి మాత్రం మోకాలి కింద ఎముక విరిగింది. కూతురిచ్చిన పనసకాయ ఆవిడ కాళ్ళ దగ్గర ఉంది. సీటు కమ్మీ తగిలి విరిగిందో, పనసకాయ దొర్లి మీద పడి విరిగిందో ఆవిడకే తెలీదు. డ్రైవరే ఆవిడని భుజాన వేసుకుని రోడ్డు మీదికి తెచ్చాడట. ఏడుస్తూ తెచ్చాడని మొదట్లో ఆవిడే చెప్పింది.

విజయనగరంలో ఓ ఆసుపత్రిలో చేర్చాం. పిండికట్టు వేశారు. మర్నాటి నుంచి మొదలైంది అసలు బాధ. దెబ్బ తగిలిన మనిషి చుట్టూ అంతమంది ఆప్తులు పుట్టుకొస్తారని నాకు తెలీదు. ఒకాయన మా నాన్నతో చదువుకున్నానన్నాడు. మా నాన్న బడి ముఖం చూడలేదు. ఇంకొకాయన కమలాపళ్ళు పట్టుకొచ్చి మంచం పక్కన కళ్ళు తుడుచుకున్నాడు. అందరూ కాసేపు జాలిపడి, చివరికి ఒక్క చోటికే వచ్చేవారు: బస్సు యజమాని మీద కేసు వేయాలి, దానికి ఫలానా ప్లీడరు గారైతేనే గెలుస్తారు, ఈ కాగితం మీద వేలిముద్ర వేస్తే చాలు. ఆ వార్డులో మిషను చర్చి వాళ్ళమ్మాయి ఒకతె నర్సుగా ఉండేది. వచ్చినవాడినల్లా ఆపి, చూడ్డానికొచ్చిన మనిషి పేరేమిటని అడిగేది. చాలామంది ఆ ప్రశ్న దగ్గరే వెనక్కి తిరిగేవారు. ఆమె డ్యూటీ దిగాక మళ్ళీ వచ్చేవారు.

ఇంటికి తెచ్చుకుంటే పీడ విరగడవుతుందనుకున్నాను. వాళ్ళలో ఒకడు మా వెనకే చీపురుపల్లి వచ్చాడు.

నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు, ఇస్త్రీ చొక్కా, చేతిలో గొడుగు. ఓ ప్లీడరు గారి దగ్గర పనిచేస్తున్నానని చెప్పాడు. తర్వాత తెలిసింది, అతని పనల్లా దెబ్బ తగిలిన వాళ్ళని వెతికి పట్టుకురావడమేనని, పట్టుకొచ్చిన మనిషికింతని అతనికి ముడుతుందని. పొద్దున్న రైల్లో దిగి, మా వరండాలో బల్ల మీద కూర్చునేవాడు. అత్తకి తమలపాకులు తెచ్చేవాడు. నేను కాఫీ ఇవ్వాలి. ఇవ్వకపోతే అత్త లోపలికి వినబడేలా, "పెద్దమనిసి వొచ్చి కూకుంటే కాఫీ నీళ్ళైనా పొయ్యదు మా కోడలు" అనేది. నేను పోసేదాన్ని. పాలు చాలక మాకు సాయంత్రం కాఫీ ఉండేది కాదు.

అతను చేసే పని ఒక్కటే, అత్త చెప్పింది వినడం. బస్సు ఎలా ఒరిగిందో ఆవిడ మొదటి నుంచి చెప్పేది, అతను మొదటిసారి వింటున్నట్టు వినేవాడు. వింటూ వింటూ సరిదిద్దేవాడు. ముందు పనసకాయ మాట ఎత్తొద్దన్నాడు. తర్వాత గడ్డిబండి రోడ్డు మధ్యకి రాలేదన్నాడు, ఓ పక్కనే వెళ్తోందన్నాడు. ఆ తర్వాత బస్సు జోరు పెరిగింది. వారం తిరిగేసరికి డ్రైవరు తాగి ఉన్నాడు. అత్త ఆ కథ వీధిలో వాళ్ళకి చెబుతుంటే విన్నాను. కళ్ళతో చూసినట్టే చెబుతోంది.

"అత్తా, ఆ డ్రైవరు నిన్ను భుజాన మోసుకొచ్చాడు కదా. తాగినోడు మోస్తాడా?" అన్నాను.

"నువ్వున్నావేటి అక్కడ?" అంది.

మా ఆయనకి చెబితే, పోనీలే, ముసలిదానికి కాలక్షేపం, వాడు రావడం వల్ల మనకొచ్చిన నష్టమేముంది అన్నాడు. పాలు కొనేది నేను, గిన్నెలు తోమేది నేను, నష్టం ఆయనకెలా కనిపిస్తుంది!

నష్టం పిండికట్టు విప్పిన రోజు ఆయనకీ కనిపించింది. ఎముక బాగానే అతుక్కుందని, ఇంక రోజూ కర్ర పట్టుకుని నడిపించాలని, లేకపోతే మోకాలు బిగుసుకుపోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇంటికొచ్చిన మర్నాడు నేను కర్ర అందించాను. అత్త ఒక అడుగు వేసి, నొప్పికి కెవ్వుమని మంచం మీద కూలబడింది. ఆ వేళే గొడుగు మనిషి వచ్చాడు. సంగతి విని తల అడ్డంగా ఊపి, తొందరపడొద్దన్నాడు. కోర్టు వాళ్ళు చూసేదాకా అమ్మ మంచం దిగకూడదు, నడిచే మనిషికి నష్టపరిహారం ఎవరిస్తారు, నలుగురూ చూసేలా నడిచారంటే కేసు పోయినట్టే అన్నాడు. ఎంతో ప్రేమగా చెప్పాడు. ఆవిడ కాలి కింద తలగడ కూడా సర్దాడు.

అక్కడి నుంచి అత్తకి మంచం దిగకపోవడానికి సాకు దొరికింది. నేను లెమ్మంటే ప్లీడరు గారి మనిషి వద్దన్నాడనేది. బతిమాలాను, తిట్టాను, అన్నం మంచం దగ్గరికి తేనని బెదిరించాను. తేకపోతే ఆకలితో పడుకుంది. చివరికి నేనే తెచ్చాను. పది రోజులకి మోకాలు సగం కూడా వంగడం మానేసింది. ఒక మధ్యాహ్నం నూనె రాస్తూ, "ఎవడో ముక్కూ మొహం తెలీనివాడి మాట విని కాలు పోగొట్టుకుంటావా?" అని గట్టిగా అడిగాను. అప్పుడావిడ గోడ వైపు తిరిగి, "నాకు బయవేస్తన్నాదే. మళ్ళీ ఇరుగుతాదేమో" అంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ నోట భయం అన్న మాట వినడం అదే మొదటిసారి. నాకు కోపం పోలేదు. కానీ ఆ కోపం ఆవిడ మీంచి లేచి గొడుగు మనిషి మీదికి వెళ్ళి కూర్చుంది.

"పోనీ, వేలిముద్ర వేశావా అతనికి?" అన్నాను.

"ఎయ్యనేదు. ఏసెస్తే మళ్ళీ వొస్తాడేటి?" అంది.

నాకు నవ్వాలో తల బాదుకోవాలో తెలీలేదు. అన్నాళ్ళూ ఇవాళ వద్దు, రేపు అష్టమి, ఎల్లుండి నవమి అంటూ అతన్ని తిప్పుకుంది. ఆవిడ గోడు మా ఇంట్లో ఎవరూ అంత ఓపిగ్గా వినలేదు మరి.

స్టేషను మాస్టారు గారు చెబితే, విజయనగరంలో ఓ ముసలి ప్లీడరు గారి దగ్గరికి నేనూ మా ఆయనా వెళ్ళాం. ఆయన వరండాలో చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. ఆయన మా కోసం లేచి ఎదురు రాలేదు, కమలాపళ్ళు ఇవ్వలేదు. అంతా విని, ఆసుపత్రి మంచాల చుట్టూ మనుషుల్ని తిప్పి కేసులు పట్టడం మా వృత్తికి తగని పనమ్మా, పని చేతనైన ప్లీడరు మీ గుమ్మంలోకి రాడు, మీరే కనుక్కుని వెళ్ళాలి అన్నాడు. తెలియని కాగితం మీద వేలిముద్ర వేయించొద్దన్నాడు. కేసు వేయడానికి గడువుంటుంది, అది దాటనివ్వొద్దన్నాడు. కాలి సంగతి అడిగితే ఆయనకి కోపమొచ్చింది. ఎముక విరిగిందన్న దానికి ఆసుపత్రి రికార్డే సాక్ష్యమట. మనిషిని మంచాన పడేసి సాక్ష్యం తయారు చేయక్కర్లేదట. "ముందు ఆవిడని నడిపించండి. కేసు సంగతి నేను చూస్తాను" అన్నాడు.

ఆయన మాటలు అత్తకి చెబితే, ఆయనెవరో నాకు తెలీదు, ఈ బావు తెలుసు అంది. మా ఆయన మొదటిసారి గొంతు పెంచాడు. ఆవిడ దుప్పటి మొహం మీదికి లాక్కుంది.

వేలిముద్ర పడకపోవడంతో గొడుగు మనిషికీ ఓపిక నశించినట్టుంది. ఆ ఆదివారం తన ప్లీడరునే వెంటబెట్టుకొచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో, బూట్లు విప్పకుండానే లోపలికొచ్చాడు. అత్తని పలకరించలేదు. కాలి మీది దుప్పటి తీయించి చూశాడు. మోకాలి దగ్గర చేత్తో నొక్కి చూశాడు. తర్వాత గొడుగు మనిషితో ఇంగ్లీషులో మాట్లాడాడు. నేను విజయనగరంలో ఎస్సెల్సీ దాకా చదివాను. ఆ మాత్రం ఇంగ్లీషు నాకొచ్చని వాళ్ళనుకోలేదు. నా చేతిలో కాఫీ గ్లాసులున్న పళ్ళెం ఉంది.

అత్త నన్ను చూసింది. "ఏటంతన్నాడే?"

దాచాలా అనిపించింది. దాచలేదు.

"నీ కాలు తీసేసి ఉంటే బాగుండేదంట అత్తా. అప్పుడు కేసు బలంగా ఉండేదంట. ఉన్న కాలుతో ఏమొస్తుంది అంటున్నాడు."

ప్లీడరు మొహం ఎర్రబడింది. గొడుగు మనిషి గబగబా ఏదో సర్ది చెప్పబోయాడు. అవి కోర్టు మాటలనీ, పైకి అలా వినిపిస్తాయనీ, అమ్మ మేలు కోరే అన్నారనీ చెప్పాడు. అత్త అతని మాటలు పూర్తిగా విననిచ్చింది. తర్వాత చాలా నెమ్మదిగా అడిగింది.

"అయితే బావూ, నా కాలు నాకుంటే మీకు నట్టవన్నమాట."

అతను గొడుగు చేతిలోకి తీసుకున్నాడు.

అత్త నా వైపు తిరిగి ఆ కాఫీ లోపల పెట్టెయ్యమంది. తర్వాత రెండు చేతులతో కాలు పట్టుకుని మంచం దింపింది. నేను కర్ర అందించాను. ఒక చెయ్యి కర్ర మీద, ఇంకోటి నా భుజం మీద. భుజం మీద గోళ్ళు దిగాయి. ఆవిడకి చెమటలు పోస్తున్నాయి, పెదవి కొరుక్కుంటోంది, అయినా కెవ్వుమనలేదు. గుమ్మం దాకా వెళ్ళి, ద్వారబంధం పట్టుకుని నిలబడి, "ఎల్లండి బావూ. రైలు టైమవుతాది" అంది. వాళ్ళు ఆవిడ పక్కనుంచి తప్పుకుని వెళ్ళాల్సి వచ్చింది.

ఆ తర్వాత నా పని సులువైందనుకుంటే పొరపాటు. మోకాలు వంచిన ప్రతిసారీ నన్నూ, నన్ను కన్న తన తమ్ముణ్ణీ తిట్టింది. పొద్దున్న వరండా ఈ చివర నుంచి ఆ చివరకి, సాయంత్రం వీధి మలుపు దాకా నడిపించాను. కాస్త కుంటు మిగిలిపోయింది. మంచాన పడుకున్న ఆ రోజులు లేకపోతే అది కూడా ఉండేది కాదని డాక్టరన్నాడు. ఆ మాట గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

గడువులోపలే ముసలి ప్లీడరు గారు కేసు వేశారు. అది విచారణకి రావడానికి ఏడాది దాటింది. ఆయన మాకు అబద్ధమేదీ నేర్పలేదు. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పమన్నారు, అంతే. అత్తకి అదొక్కటే చేతకాదు. బోనెక్కగానే అడగకుండానే డ్రైవరు ఎంత మంచివాడో చెప్పింది, భుజాన మోసుకొచ్చాడంది, ఏడ్చాడంది. గడ్డిబండి వాడు రోడ్డు మధ్యకి తోలుకొచ్చాడని కూడా చెప్పింది. బస్సుకి బీమా ఇచ్చిన కంపెనీ తరఫు ప్లీడరు ఇక అడగవలసింది పెద్దగా మిగలక, ఇప్పుడు నడవగలరా అని అడిగాడు.

"నడవనేటి? సూడండి" అని అత్త బోను దిగి, ఎవరూ ఆపేలోపు హాలు ఆ గోడ దాకా నడిచి, తిరిగొచ్చి నిలబడింది.

మా ప్లీడరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. జడ్జి గారు కాసేపు తలెత్తలేదు. నేను బెంచీ మీద తల దించుకుని కూర్చున్నాను. నొప్పి సంగతి ఎందుకు చెప్పలేదు, మెట్లెక్కలేనని ఎందుకు చెప్పలేదు, మునుపు వెళ్ళే పొలం పనికి ఇప్పుడు వెళ్ళలేకపోతున్నానని ఎందుకు చెప్పలేదు? అడిగితే, ఆళ్ళు అడగలేదు కదా అంది.

పరిహారం వచ్చింది, రావలసినదానికంటే తక్కువే. పోనీ, ఆవిడ నిజం చెప్పింది, డ్రైవరు పేరు చెడలేదు, దొంగ కాగితాల్లో ఇరుక్కోలేదు అని ముసలాయన మాకు సర్దిచెప్పారు. మా ఆయన తల ఊపాడు. రైల్లో వస్తున్నంతసేపూ నేను అత్తతో మాట్లాడలేదు. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, కోర్టులో పంకాలు ఎంత పెద్దవో పక్కవాళ్ళకి చెబుతూ వచ్చింది.

ఆ ఏడే మాకు ఆడపిల్ల పుట్టింది. అత్త ఆ పిల్లని చంకనేసుకుని కుంటుతూ వీధంతా తిరిగేది. దించమంటే దించేది కాదు. పొద్దుగూకేసరికి కాలు లాగేస్తోందని మూలిగేది. నేను గరిటెలో నూనె వెచ్చబెట్టుకుని వెళ్ళి, తిడుతూ రాసేదాన్ని. ఇంకాస్త గట్టిగా రాయమనేది.