మేడమ్ పేరు తీసేసిన యాప్

ఫోను అరచేతిలో వేడెక్కితే చాలు, సూర్యకుమారి మేడమ్ గుర్తొస్తారు. అనకాపల్లిలో మా చిన్న ఆఫీసుకు రైతులు తెచ్చే పాత ఫోన్లన్నీ అలాగే సెగలు కక్కేవి. ఆవిడ వాటిని జ్వరం చూసినట్టు పట్టుకుని చూసేవారు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పడం మానేసి, చెరకు రైతుల కోసం ఆవిడ ఒక యాప్ చేశారు. తెగులు గురించో తడి గురించో రైతు మాట్లాడి అడిగితే, తన గొంతుతోనే జవాబు పంపేవారు. అది ఆ ఫోనులోనే ఉండిపోయేది, చదువురానివాళ్ళు ఎన్నిసార్లయినా వినొచ్చని. నేను చేరిన కొత్తలో ఒక రైతు ఫోనులో యాప్ ఎక్కడం లేదని కబురొస్తే, ఆఫీసులో కూర్చునే సరిచెయ్యబోయాను. "ఆయన చేతిలో ఎలా ఉందో చూడాలమ్మా" అని నన్ను మాకవరపాలెం బస్సెక్కించారు.

తర్వాత ఆవిడకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది. అప్పుడే కొత్త ఫోన్లలో మా యాప్ ఎక్కడం మానేసింది. సరిచేసి పంపాలంటే, పంపింది మేమేనని ఫోనుకు రుజువు చేసే డిజిటల్ సంతకం కావాలి. దాని పాస్‌వర్డ్ ఆవిడకొక్కరికే తెలుసు. మంచం పక్కన కూర్చుని అక్షరాల అట్ట పట్టుకున్నాను. ఆవిడ వేలు ఒక అక్షరం మీద ఆగేది, రెండోదానికి వెళ్ళేలోగా జారిపోయేది. ఆవిడ కళ్ళు నిండేవి. చివరికి ఆవిడ చెల్లెలు ఆ అట్ట నా చేతిలోంచి తీసేసుకుంది.

ఇక ప్యాకేజీ పేరు మార్చి, వేరే యాప్‌గా పంపడమొక్కటే మిగిలింది. ఫోను యాప్‌ను గుర్తుపట్టే లోపలి పేరు అది. అందులో మేడమ్ పేరుండేది. తీసేసి ఊరి పేరు పెట్టాను. అయినా పాత యాప్ ఉన్న ఫోన్లు కొత్తదాన్ని రానివ్వలేదు. వెతగ్గా వెతగ్గా, ఫైళ్ళు పంచుకునే భాగంలో ఆవిడ పేరు ఇంకా ఉండిపోయి, పాత యాప్‌తో తగువు పడుతోందని తెలిసింది. అక్కడా చెరిపేశాను. ఎక్కింది. నాకు సంతోషం మాత్రం కలగలేదు.

కోటవురట్లలో పాత యాప్ వాడిన రైతు అప్పలనాయుడు బాబాయి పొలానికి వెళ్ళి, ఆయన కొత్త ఫోనులో యాప్ వేసి ఇచ్చాను. కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందులో అమ్మ గొంతు ఇనిపిత్తాదేటి?" అని మేడమ్ గురించి అడిగాడు.

పాత జవాబులు పాత ఫోనులోని యాప్‌లోనే ఉండిపోయాయని, ఇందులోకి రావని చెప్పాను.

"మరి నాకెందుకు తల్లీ ఇది" అన్నాడు. కోపంగా కాదు. ఫోను జేబులో పెట్టుకుని గట్టు మీద నడుచుకుంటూ పోయాడు. తిరిగిన ఊళ్ళలో చాలామందిది అదే మాట.

ఒక సాయంత్రం కొత్త యాప్ మేడమ్‌కు వినిపించాను. అందులో జవాబు చెప్పేది నేనే. ఆవిడ కళ్ళు మూసుకుని చివరిదాకా విని, మొహం గోడవైపు తిప్పుకున్నారు. ఆ వానాకాలం దాటకుండానే పోయారు. ఆ సాయంత్రం మొహం అలసిపోయి తిప్పుకున్నారో, బాధపడ్డారో నేను అడగలేదు. అడిగినా చెప్పలేరు కదా.

యాప్‌లో ఇప్పుడు కొద్దిమందే మిగిలారు. వాళ్ళకు జవాబు రికార్డు చేసి ఒకసారి వింటాను. ఆవిడ మాటలో ఉన్న భరోసా నా మాటలో ఉండదు. చెరిపేసి మళ్ళీ చెప్తాను. మళ్ళీ ఉండదు. అవతల చెరకు ఎండిపోతూ ఉంటుంది కాబట్టి, అలాగే పంపేస్తాను.